డెల్మర్ సాబో నిజం చెప్పిన ఆట

ముందు ఆ కారు తలుపు గట్టిగా లాగు, సగమే పడింది. ఆఁ, ఇప్పుడు పోనీయ్. చొక్కా సంగతి తర్వాత చూద్దాంలే, బీన్సు మరకే కదా, ఉతికితే పోతుంది. ఆ రస్ కెల్లమ్ గాడి ఒళ్ళో పడ్డదాంట్లో ఇది పదోవంతు కూడా లేదు. ఏంటీ, క్షమాపణ చెప్పాలా? వాడికా? ఎనభై నాలుగేళ్ళొచ్చాయిరా డాల్టనూ నాకు, ఈ వయసులో పళ్ళెం ఎత్తి ఒకడి ఒళ్ళో బోర్లించానంటే ఊరికే బోర్లించానా. వాడు ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న మనిషైతే మాత్రం నోరు బాగానే ఆడుతోందిగా. బీన్సు చల్లగా ఉన్నాయి, అది వాడి అదృష్టం.

నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది, అందుకే నీకు నేనొక్కడినే పిచ్చివాడిలా కనపడుంటాను. ప్రతి ఆదివారం ఉండేదే ఇది. భోజనాలయ్యాక ఈ ముసలాళ్ళ క్లబ్బులో టీవీ పెడతారు, ఆట మొదలయ్యేముందు టైలు కట్టుకున్నవాళ్ళు నలుగురు కూర్చుని సోది చెబుతుంటారు. ఇవాళ ఏం పెట్టారంటే, మన ఫుట్‌బాల్లో ఇన్నేళ్ళుగా బంతి విసిరి ఆట నడిపిన క్వార్టర్‌బ్యాకుల్లో గొప్పవాళ్ళు పదిమందట, ఒకటి నుంచి పది దాకా జాబితా. ఇంక చూడు, ముసలాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకడేమో తోలు టోపీలు పెట్టుకుని బురదలో ఆడినవాళ్ళ కాలిగోటికి కూడా వీళ్ళు సరిపోరంటాడు. ఇంకొకడు డెబ్భైల్లో నాలుగు కప్పులు తెచ్చినవాణ్ణి పట్టుకుని వదలడు. వెనకనుంచి ఓ కుర్రాడు, కుర్రాడంటే వాడికీ అరవై ఉంటాయిలే, ఏడు కప్పులు గెలిచినవాడుండగా అసలు మాటెందుకండీ అని క్యాబేజీ ఉండలు నములుతూ అడుగుతాడు. నేనూ ఊరుకోలేదు. ఒప్పుకుంటాను. ఈ కాలపువాళ్ళకి హెల్మెట్లో స్పీకరుంటుందయ్యా, ఏం చెయ్యాలో కోచే చెవిలో చెబుతాడు, ఆ తీగ తెగితే ఒక్కడికీ కాలు కదలదు, వీళ్ళని గొప్పవాళ్ళంటే ఎలా అన్నాను. చెవితో పనిలేకుండా ఆడినవాణ్ణి నేను చూశాను అన్నాను. నాదే తప్పు, ఆ మాట నోరు జారాను. అప్పుడు రస్ గాడు ఆ గొట్టం సర్దుకుని, హాలంతా వినపడేట్టు, "మన మూగాడి సంగతేగా ఆర్విల్? వాడి ఆట వాడికంటే ముందు నువ్వే చెప్పేసేవాడివిగా మాకు" అన్నాడు. నవ్వారు. ఏంటో తెలియనివాళ్ళు కూడా నవ్వారు. అంతే, నాకు పళ్ళెమే కనపడింది.

మూగాడట. వాడికో పేరుంది. డెల్మర్ సాబో.

నీకు తెలియదులే. నా చెల్లెలు, మీ అమ్మమ్మ లోర్నా ఎప్పుడైనా చెప్పిందేమో, ఆ ఆట నాటికి దానికి ఎనిమిదేళ్ళు. మా అమ్మకీ నాన్నకీ వినపడదని నీకు తెలుసుగా. అప్పట్లో ఏక్రన్‌లో టైర్ల ఫ్యాక్టరీల్లో చెవిటివాళ్ళని చాలామందిని పనిలో పెట్టుకునేవాళ్ళు. ఆ మోతకి మామూలువాళ్ళ చెవులు చిల్లులు పడేవి, వీళ్ళకి ఆ బాధ లేదు, పైగా ఎంత మోతలోనైనా చేతులతో హాయిగా మాట్లాడుకుంటారు. మా నాన్న అక్కడ ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. వాళ్ళంతా ఆదివారం ఆదివారం ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు చూడాలి, వంటింట్లో పాతికమంది, చప్పుడు మాత్రం నూడిల్స్ ఉడుకుతున్నదీ, నేల దబదబలాడేదీ. పిలవాలంటే కాలితో నేల తన్నాలిగా మరి. డెల్మర్ మా వీధి చివరింటివాడే, వాడికీ వినపడదు. వాళ్ళ నాన్న హంగరీ నుంచి వచ్చాడు, ఆయనకి బాగానే వినపడుతుంది, కానీ కొడుకుతో చేతులతో మాట్లాడ్డం నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదో నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకని వాడు మా ఇంట్లోనే పడుండేవాడు. వాడికి మాటలు నేర్పింది మా అమ్మ. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటుండేది వాడికి, దాని మీద రెండువేళ్ళు ఇలా ఆనిస్తే అదే వాడి పేరు. మా నాన్నే పెట్టాడు ఆ పేరు. తర్వాత రాష్ట్రం మొత్తానికీ ఉన్న చెవిటిపిల్లల బడికి పంపేశారు, అక్కడే ఉండి చదువు. సెలవులకొస్తే మళ్ళీ మా ఇల్లే. నాకు బంతి విసరడం వాడే నేర్పాడు. నేను విసిరితే గుమ్మడికాయ దొర్లినట్టు పోయేది, వాడు విసిరితే గాల్లో దారప్పోగు లాగినట్టు పోయేది. ఆ బంతి పట్టుకుంటే అరచేయి చురుక్కుమనేది. ఆ చురుక్కు, ఏం చెప్పను... సరే.

మేం తర్వాత పక్కనే ఉన్న బార్టన్ మిల్స్‌కి మారాం, నేనక్కడి బళ్ళో చేరాను. జట్టులో ఉన్నానన్న మాటేగానీ బెంచీ మీదే. పదిహేడేళ్ళొచ్చినా నా బట్టలకి మట్టంటేది కాదు. పైగా ఇంట్లో విషయం బళ్ళో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మా నాన్న బడికొస్తానంటే తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేసేవాణ్ణి. ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకో, రస్ గాడికి తెలియనిది అదొక్కటే. యాభైయారు అక్టోబరులో, మా ఆటల పట్టికలో ఒక జట్టు మానుకుంటే దాని బదులు ఆ చెవిటిబడిని పెట్టారు. ముందు మావాళ్ళంతా ఇకిలించారు. తర్వాత తెలిసింది, వాళ్ళు అప్పటికి ఆరు ఆటలాడి ఆరూ గెలిచారని. వాళ్ళ క్వార్టర్‌బ్యాకు సాబో అని ఒకడున్నాడు, ఎటు తిరుగుతాడో ఎవడికీ అంతుబట్టడం లేదని. గురువారంనాడు కోచ్ హాల్‌స్టెడ్ నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆ గదిలో మందు వాసన, కాళ్ళకి రాసే మందు. ఎవరు చెప్పారో ఏమో, మీ ఇంట్లో అందరూ చేతులతో మాట్లాడుకుంటారట కదా ఆర్విల్ అని ఎంతో మెత్తగా అడిగాడు. అంతకుముందు రెండేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. బంతి ఎటు పోవాలో వాళ్ళు ఎదురుగా నిలబడి సైగలతో బాహాటంగానే చెప్పుకుంటారట, ఎవడికి అర్థమవుతుందని దాచుకుంటారు, నువ్వు వాళ్ళని అడ్డుకునే వరసలో మధ్యలో నిలబడు, చూసింది చూసినట్టు అరిచి చెప్పు, మొదటినుంచి చివరిదాకా నువ్వే ఆడతావు అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని ఉంటే బాగుండేది. నేను సరే సార్ అన్నాను. అంత తేలిగ్గా అన్నాను. ఆయన బల్ల మీదున్న చొక్కా తీసి నా చేతిలో పెట్టాడు, యాభైనాలుగో నంబరు.

నువ్వు నాకేసి అలా చూడకు, రోడ్డు చూడు.

ఆటనాడు వాళ్ళు పసుప్పచ్చ బస్సులో దిగారు. తోపుడుబండి మీద పెద్ద డ్రమ్ము తెచ్చుకున్నారు, అది గీత పక్కన పెట్టి ఒకాయన మోగిస్తే ఆ దెబ్బ వీళ్ళ పక్కటెముకల్లో తగులుతుంది, ఆ లెక్కన కదులుతారు. డెల్మర్ నన్ను చూడగానే దూరం నుంచే నవ్వి, చొక్కా మీది అంకె చూపించి, చివరికి ఆడిస్తున్నారన్నమాట అన్నాడు చేతులతో. వాడికి సంతోషం. నాకు చొక్కా వచ్చినందుకు వాడికి సంతోషమేసింది. చూడు, ఆ జట్టులో నన్నెరిగినవాడు వాడొక్కడే. నాకు వాళ్ళ మాటలొచ్చని తెలిసినవాడు వాడొక్కడే. ఒక్కమాట తనవాళ్ళతో చెప్పి సైగలు మార్చేసుకుంటే సరిపోయేది. మార్చలేదు. నేనే ఎదురుగా ఉన్నాను గనక మార్చాల్సిన పనిలేదనుకున్నాడు.

మొదలైంది. వాడు లేచి నిలబడి, కుడివైపు వాడికి, నువ్వు పదడుగులు పోయి లోపలికి తిరుగు, బంతి నీకే అన్నాడు. చక్కగా, మా అమ్మ నేర్పిన చేతులతో. నేను గొంతు చించుకుని కుడి, పదడుగులు, లోపలికి అని అరిచాను. వాడికీ నాకూ మధ్య మూడు గజాలు. మూడే గజాలు. మొహం మీద మొహం పెట్టి వాడి ఆట వాడి ముందే అరుస్తున్నాను, ఆ పదకొండుమందిలో ఒక్కడికీ వినపడదు. మావాళ్ళు పోయి డెల్మర్‌ని తొక్కేశారు. మళ్ళీ లేచాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అరిచాను. అప్పుడు మా జట్టులోనే ఉన్న రస్ గాడు వెనకనుంచి బంతి లాక్కుని పరిగెత్తాడు, వాడు జీవితంలో చేసిన ఘనకార్యం అదొక్కటే, అదీ నా నోటితో. ఇలా మొదటి సగమంతా. వాడి పెదవి చిట్లింది, ముక్కునుంచి రక్తం కారుతోంది, చేత్తో తుడుచుకుని అదే చేత్తో మళ్ళీ చెబుతున్నాడు. ఇరవై సున్నా. జనం చప్పట్లు. కోచ్ నా వీపు తట్టాడు. నాకు బాగుందిరా. అబద్ధమెందుకు, ఆ కాసేపూ బాగుంది. తల తిప్పి చూస్తే తాడుకట్టిన చోట, గీతకి ఆనుకుని, మా నాన్న నిలబడున్నాడు. రావద్దని చెప్పాను, వచ్చాడు. లోర్నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆయనకి వినపడదు గానీ పెదవులు చదవడంలో ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన డెల్మర్‌ని చూడ్డంలేదు. బంతినీ చూడ్డంలేదు. నా నోటికేసి చూస్తున్నాడు.

రెండో సగం మొదలయ్యేటప్పటికి డెల్మర్‌కి కూడా తెలిసిపోయింది. ఎలా అంటావా, నేను అరిచేటప్పుడు నోరు కదులుతుందిగా, వాడు చెయ్యి దించాకే కదులుతుంది. మొదటి సగం చివర్లో అది గమనించి ఆగిపోయాడు. నన్నే చూశాడు. కనుబొమ్మలు పైకెత్తి వేలు నాకేసి చూపించాడు, నువ్వా అని. నేను కిందకి చూశాను. రెండో సగంలో వాడేం చేశాడో చూడు. ఇదిగో ఇది ఆ టైలు కట్టుకున్నవాళ్ళు చూసి ఉండాల్సింది. అందర్నీ దగ్గరికి లాగి, గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో వంగి ఒక్కొక్కడి ఛాతీ మీద చెయ్యి పెట్టి వేళ్ళతో నొక్కి చెప్పడం మొదలుపెట్టాడు. బయటికేమీ కనపడదు. పదిమందికి పది రకాల పని, వేళ్ళతో పక్కటెముకల మీద, ఇరవై సెకన్లలో. ఎవరు నేర్పారు? కోచ్ కాదు, వాళ్ళ కోచ్ గీత అవతల నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ నిమిషాన పుట్టింది ఆ బుర్రలో. నేను గుడ్డివాడినైపోయాను. వాళ్ళు బంతితో ఒకసారి మా చివరి గీత దాటారు, ఇంకోసారి దాటారు, దాటినప్పుడల్లా ఆరు పాయింట్లు. ఇరవై, పదమూడు. మా కోచ్ నన్ను చూసి అరుస్తాడు, చెప్పవేంరా చెప్పవేంరా అని. ఏం చెప్పను.

ఇంక చివరి నిమిషం. మా చివరి గీతకి నాలుగు గజాల్లో ఉన్నారు. ఈసారి వాడు ఎవర్నీ దగ్గరికి పిలవలేదు. నిటారుగా నిలబడ్డాడు, తనవాళ్ళ వైపు కాదు, నా వైపు తిరిగి. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు. నేను. కుడివైపు. నేనే పరిగెడతాను. చెప్పి, కనుబొమ్మ మీద రెండువేళ్ళు ఆనించుకున్నాడు, తన పేరు. అంటే డెల్మర్ చెబుతున్నాడు విను అని. నన్ను బుట్టలో వెయ్యడానికే అలా చెప్పాడు, ఎడమవైపే పోతాడు అనుకున్నాను. ఎడమ, ఎడమ అని అరిచాను. పదకొండుమందీ ఎడమకి పడ్డారు. డెల్మర్ కుడివైపు పరిగెత్తాడు, ఒక్కడే, వాడి ముందు గడ్డి తప్ప ఏమీ లేదు. పరిగెత్తడం కూడా కాదు, నడిచినట్టే పోయాడు. నిజమే చెప్పాడ్రా. నేను నమ్మనని తెలిసే చెప్పాడు. అబద్ధమాడేవాడు ఎదుటివాణ్ణి ఎలా చూస్తాడో వాడికి తెలుసు, ఆ ఒక్కదాంతో నన్ను కొట్టాడు. ఏడు కప్పులు గెలిచినవాళ్ళలో ఒక్కణ్ణి చూపించు నాకు, ఇలాంటిది చేసినవాణ్ణి. ఆ తర్వాత ఇంకో పాయింటు కోసం బంతిని కర్రల మధ్యకి తన్నాల్సిన వాళ్ళ పిల్లాడు జారాడు, బంతి కర్రకి తగిలి కింద పడింది. ఇరవై, పంతొమ్మిది. మేం గెలిచాం. పుస్తకాల్లో మేమే గెలిచాం.

ఇంటికెళ్ళాక మా నాన్న తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కొట్టినా బాగుండేది. సోమవారం పొద్దున టిఫిను దగ్గర నేను ఏదో అడిగితే, జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. మామూలువాళ్ళతో, కొట్టువాడితో, బస్సు కండక్టరుతో మాట్లాడాల్సొస్తే వాడేది అది. దాంట్లో రాసి, చింపి, నా వైపు తోశాడు. పాలు అలమారలో ఉన్నాయి అని. అంతే. ఆ రోజునుంచి నాతో కాగితం మీదే. తన సొంత కొడుకుతో. కట్టెలు లోపల పెట్టు. అమ్మకి జ్వరం. ఎనిమిదిన్నరకి రా. నేను చేతులతో జవాబిస్తే చూసేవాడు కాదు, పుస్తకం నా వైపు జరిపేవాడు, రాయమని. చేతులు నాకు పెట్టింది ఆయన, వాటిని తీసేసుకున్నాడు. అమ్మ మాత్రం మాట్లాడేది, కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడేది. పద్నాలుగు నెలలు సాగింది ఇలా.

అది ఆపింది కూడా డెల్మరే. చదువైపోయి డెల్మర్ అదే ఫ్యాక్టరీలో చేరాడు, మా నాన్న పక్క యంత్రమే. ఏ కాలేజీ పిలుస్తుంది వాణ్ణి? ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారట, విసురు బ్రహ్మాండం, కానీ మేం చెప్పేది వినపడాలిగా అన్నారట. వినడమే వాళ్ళకి కావాల్సింది. సరే, ఒక ఆదివారం ఎప్పటిలాగే భోజనానికొచ్చాడు. నాతో మామూలుగానే ఉండేవాడు, అది ఇంకా మంట నాకు. ఆ రోజు పంది తొడ, బంగాళాదుంప ముద్ద. నాన్న కాగితం రాసి నా వైపు తోశాడు. డెల్మర్ అది చూడ్డం అదే మొదలు. వాడికి తెలియదు ఈ భాగోతం. ఆ కాగితం తీసి చదివాడు. ఉప్పు ఇటివ్వు అని ఉంది. లేచి వెళ్ళి దాన్ని పొయ్యిలో పడేశాడు, వెనక్కొచ్చి మా నాన్న చేతికింద ఉన్న పుస్తకం కూడా లాక్కుని అదీ పడేశాడు. మా నాన్న ముందు ఎవడూ అలా చేసి బతకలేదు. "దెబ్బలు తిన్నది నేను. నేనే వదిలేశాను. మీరెందుకు పట్టుకున్నారు?" అన్నాడు చేతులతో. మా నాన్న పొయ్యికేసి చూశాడు. ఆ తర్వాత నాకేసి తిరిగి, చేత్తో, ఉప్పు అన్నాడు. అంతే, ఉప్పు. నేను ఇచ్చాను. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం మాట్లాడాడు, లేదనను, కానీ పొదుపుగా మాట్లాడాడు, అవసరమైనంతే.

డెల్మర్‌ని ఒకసారి అడిగాను, కోపం లేదా నీకు అని. పెరట్లో ఉన్నాం. వాడు ఆలోచించి, రెండో సగంలో మూడోసారి బంతి పట్టుకున్నప్పుడు నువ్వేమనుకున్నావ్, నేను వెనక్కి తగ్గితే విసురుతాననుకున్నావా, పరిగెడతాననుకున్నావా అని అడిగాడు. అదీ వాడి ఆసక్తి. కోపమంతా నాకే వదిలేశాడు. అందుకే ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఇవాళ చూశావుగా.

తొంభైనాలుగులో పోయాడు, ఊపిరితిత్తులు. ఆ టైర్ల ధూళి చాలామందిని అలాగే పట్టుకుపోయింది. ఆఖరిచూపుకి చెవిటివాళ్ళ క్లబ్బులో పెట్టారు, నాలుగొందలమంది వచ్చుంటారు. నేను నలభై ఏళ్ళుగా వెళ్ళే చోటే అది, అందరికీ నేను బార్టన్ మిల్స్ బళ్ళో ఆడినవాణ్ణని తెలుసు, అయినా ఎవరూ ఒక్కమాట అనేవాళ్ళు కాదు. ఎందుకో నాకు ఆ రోజుదాకా తెలియలేదు. వాళ్ళావిడ ఐరీనా, ఆవిడకీ వినపడదు, నల్లగౌను వేసుకుని నా దగ్గరికొచ్చింది. నన్ను పక్కకి తీసుకెళ్ళింది. వాళ్ళ పాత జట్టువాళ్ళు అక్కడ కూర్చుని ఆ ఆట సంగతే చెప్పుకుంటున్నారు. డెల్మర్ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడట. ఆ రోజు బడి పైకప్పు మీద ఎవడో దుర్భిణీ పెట్టుకుని కూర్చుని మన సైగలు చదివి కిందకి కబురు పంపాడు, వాణ్ణి నేను కళ్ళారా చూశాను అని. ఆ మధ్యవిరామంలోనే తనవాళ్ళందరికీ అలా చెప్పాడట. వాడు చెబితే మళ్ళీ అడిగేవాడు లేడు. పెళ్ళాంతో కూడా అలాగే చెప్పాడు, ముప్పైయారేళ్ళు. ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ, "నువ్వు అటువైపు ఉన్నావుగా ఆర్విల్, ఆ పైకప్పు మీద మనిషి ఎవరో నీకు తెలుసా?" అంది.

చుట్టూ నాలుగొందలమంది. అందరికీ చేతులు చదవడం వచ్చు. నేనేది చెప్పినా హాలు చివరిదాకా కనపడుతుంది.

తెలియదు, దూరం నుంచి చూశాను, టోపీ పెట్టుకున్నాడు, అన్నాను.

టోపీ కూడా నేనే తగిలించాను, ఆ లేని మనిషికి. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి...

అదిగో, ఆ పెట్రోలు బంకు దాటాక కుడివైపు తిప్పు. అది కాదు, దాని తర్వాతది. ఈ ఊళ్ళో నీకు దారులెప్పుడొస్తాయిరా.